రక్తంలో ఏముంది? సూరత్‌లో తేలిన ఒక అరుదైన గ్రూపు

రక్తం ఒకే ద్రవంలా కనిపిస్తుంది. సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పితే మాత్రం పొరలుగా విడిపోతుంది. పైన సుమారు 55 శాతం లేత పసుపురంగు ప్లాస్మా, అడుగున దాదాపు 45 శాతం ఎర్ర రక్తకణాలు, మధ్యలో పలుచగా తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు ఉంటాయి.

ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోస్తుంది. తెల్ల కణాలు వ్యాధికారక క్రిములతో పోరాడతాయి. గాయమైనప్పుడు రక్తస్రావం ఆగేందుకు ప్లేట్‌లెట్లు తోడ్పడతాయి. పోషకాలు, హార్మోన్లు, యాంటీబాడీలు ప్లాస్మాలో ప్రయాణిస్తాయి.

గుజరాత్‌లో ఒక గుండె రోగికి శస్త్రచికిత్స కోసం రక్తం కావలసి వచ్చింది. ఏ దాత రక్తమూ సరిపోలేదు. సూరత్‌లోని రక్తదాన కేంద్రంలో పరీక్షించి, ఆపై అమెరికాలో నిర్ధారించగా అది 'ఇఎంఎం నెగెటివ్' అని తేలింది. 2022లో వెలుగులోకి వచ్చిన ఈ కేసు భారతదేశంలో మొదటిది.

కారణం ఏమిటి? దాదాపు అందరి ఎర్ర కణాలపై ఉండే ఇఎంఎం యాంటిజెన్ ఆయన కణాలపై లేదు. అలాంటివారి ప్లాస్మాలోని యాంటీబాడీలు ఇతరుల ఎర్ర కణాలను పరాయివిగా గుర్తించి దాడి చేస్తాయి.

అందుకే గ్రూపు కలిసినా సరిపోదు. రక్తం ఎక్కించే ముందు దాత ఎర్ర కణాలను రోగి ప్లాస్మాతో కలిపి చూసే 'క్రాస్‌మ్యాచ్' పరీక్ష ప్రాణాలను కాపాడుతుంది.