గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే కొనాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఆర్క్‌లో చేరింది. ఆటోక్యాడ్, స్కెచప్, రెవిట్ నేర్చుకోవాలట. మా అబ్బాయేమో వాలరెంట్ ఆడుకుంటానంటున్నాడు. తక్కువ ఖర్చులో కంప్యూటర్ అసెంబుల్ చేయించాలంటే గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మొదటి ఏడాదికి అక్కర్లేదండీ. ఆటోక్యాడ్ పని చాలావరకు ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ వేగం మీదే నడుస్తుంది. రైజెన్ 5 5600జీ తీసుకోండి. ఆరు కోర్లు, లోపలే గ్రాఫిక్స్ ఉంటాయి. సెట్టింగులు తగ్గిస్తే వాలరెంట్ హాయిగా ఆడుకోవచ్చు.

అసలు జాగ్రత్తంతా ర్యామ్ దగ్గరే. ఈ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు స్టిక్‌లుంటే దానికి డేటా వేగంగా అందుతుంది. అందుకే 16 జీబీ ఒకే స్టిక్‌గా వద్దు, 8 జీబీవి రెండు అడగండి. బోర్డుకు నాలుగు స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయించడం మరవకండి. లేకపోతే 3200 ర్యామ్‌కు డబ్బు కట్టి అంతకంటే తక్కువ వేగంతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. రెవిట్‌కు 16 జీబీ కనీసం, పెద్ద ప్రాజెక్టులు మొదలయ్యాక మిగతా రెండు స్లాట్లూ నింపుకోవచ్చు.

ఎన్‌స్కేప్, లుమియన్‌లలో రెండరింగ్ మొదలుపెట్టినప్పుడు మాత్రం విడి కార్డు కావాలి. అందుకని 550 వాట్ల మంచి పవర్ సప్లై ఇప్పుడే వేయించండి. రంగురంగుల లైట్ల క్యాబినెట్ మీద పెట్టే డబ్బు దీనిమీద పెట్టడం మేలు. హార్డ్ డిస్క్ బదులు 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ చాలు.

ఆటోక్యాడ్, రెవిట్ కొనక్కర్లేదు. విద్యార్థులకు ఆటోడెస్క్ ఉచితంగానే ఇస్తుంది, ఏటా రెన్యువల్ చేసుకుంటే సరి.