తిన్నది ఒంటబట్టకపోతే?

“కడుపునిండా తింటున్నాడు, కాని ఒంటబట్టడం లేదు” అని ఇంట్లో పెద్దలు వాపోతుంటారు. ఈ మాటలో శాస్త్రసత్యం ఇమిడియున్నది. మనలను పోషించేది తిన్న ఆహారమంతా కాదు. జీర్ణమై, ప్రేగుగోడల గుండా రక్తంలో చేరిన సారమే.

చిన్నప్రేగు పొడవు సుమారు 6 మీటర్లు. దాని లోపలిపొరపై సన్నని వ్రేళ్ళవంటి చూషకాలు లక్షలాదిగా ఉంటాయి. పైభాగంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, చివరిభాగంలో బి12 విటమిన్ ప్రధానంగా గ్రహింపబడతాయి. ఆయుర్వేదం జఠరాగ్నికి ఆశ్రయమైన స్థానాన్ని ‘గ్రహణి’ అన్నది. చరకసంహిత చికిత్సాస్థానంలోని 15వ అధ్యాయం గ్రహణీదోషాన్ని వివరిస్తుంది.

కారణాలు

కలుషితమైన నీటితో సోకే జియార్డియా, ఉష్ణదేశాలలో కనిపించే స్ప్రూ వ్యాధి, ప్రేగుక్షయ, కొందరికి గోధుమలోని గ్లూటెన్ సరిపడకపోవడం — ఇవి ప్రేగు లోపలిపొరను దెబ్బతీస్తాయి. క్లోమరసం, పైత్యరసం చాలకపోయినా క్రొవ్వులు జీర్ణం కావు.

లక్షణాలు

వారాల తరబడి విరేచనాలు, జిడ్డుగా దుర్వాసనతో కూడిన మలం, కడుపుబ్బరం, బరువు తగ్గడం ముఖ్య లక్షణాలు. క్రమంగా రక్తహీనత, నాలుకపూత, పాదాల వాపు, రేచీకటి, ఎముకల నొప్పులు కలుగుతాయి. పిల్లలలో ఎదుగుదల కుంటుపడుతుంది.

మన తెలుగువాని కథ

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు స్ప్రూ వ్యాధికి బలియైనారు. తానును ఆ వ్యాధిపాలై, ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకొన్నారు. పిదప మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, అమెరికా వెళ్ళారు. అక్కడ లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వాన పరిశోధకులు 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. తన సోదరులను బలిగొన్న వ్యాధికే అది ఔషధమైనది. నేటికీ స్ప్రూ చికిత్సలో ఫోలిక్ ఆమ్లాన్ని, టెట్రాసైక్లిన్‌ను కొన్ని నెలలపాటు వాడుతారు.

ఇంట పాటించదగినవి

వెన్న తీసిన పలుచని తాజా మజ్జిగలో వేయించిన జీలకర్రపొడి, చిటికెడు శొంఠి కలిపి భోజనానంతరం పుచ్చుకొనవచ్చును. గ్రహణీరోగికి మజ్జిగ హితమని చరకుడు చెప్పినాడు. విరేచనాలున్నప్పుడు మెత్తని అన్నం, పెసరకట్టు కొద్దికొద్దిగా తీసికొనవలెను. ప్రేగు కుదుటపడిన పిదప అత్వెల్లి, మేడ్చల్ ప్రాంతాల ఇళ్ళకు అలవాటైన జొన్నరొట్టె, ఆకుకూరపప్పు క్రమంగా మొదలుపెట్టవచ్చును. ఆకుకూరలను ఎక్కువసేపు ఉడికించి నీరు పారబోస్తే ఫోలిక్ ఆమ్లం నష్టమవుతుంది. పప్పుకూరలో నిమ్మరసం పిండుకొంటే ఇనుము బాగా గ్రహింపబడుతుంది. భోజనం వెంటనే టీ త్రాగితే తగ్గుతుంది. త్రాగునీరు కాచి చల్లార్చవలెను.

హెచ్చరిక

విరేచనాలు రెండు వారాలు దాటినా, బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా గృహవైద్యంతో కాలయాపన చేయరాదు. మల, రక్త పరీక్షలు చేయించవలెను. బి12 లోపమున్నవారు ఫోలిక్ ఆమ్లం మాత్రమే వాడితే రక్తహీనత తగ్గినట్లు కనిపించినా నరాలు దెబ్బతినవచ్చును. అందుచేత బలం మాత్రలు సొంతంగా కొని మింగడం కంటె, ఒంటబట్టకపోవడానికి కారణమేమిటో ముందుగా తెలిసికొనడమే శ్రేయస్కరం.