అన్నం పొట్లాలతో ఆగిపోని సాయం

ప్రశ్న: వలస వచ్చిన పేదలకు స్వచ్ఛంద సంస్థలు చేసే సాయం వాళ్లను సోమరులను చేస్తుందని మా ఆఫీసులో అంటున్నారు. నిజమేనా?

జవాబు: షికాగోలోని హల్ హౌస్ అనే స్వచ్ఛంద సంస్థ సంగతి చూడండి. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ దాన్ని తెరిచేనాటికి ఆ పేటలో ఎక్కువమంది ఇటలీ, జర్మనీ, రష్యాల నుంచి వచ్చిన కూలీలే. పిల్లలకు కిండర్‌గార్టెన్, పెద్దలకు రాత్రి బడి పెట్టారు. అంతటితో ఆగివుంటే మీవాళ్ల అనుమానంలో కాస్త పస ఉండేదేమో. కానీ అక్కడే ఉండి పనిచేసిన ఫ్లోరెన్స్ కెల్లీ బృందం ఇల్లిల్లూ తిరిగి, ఏ కుటుంబం ఏ దేశానిదో, వారానికి ఎంత సంపాదిస్తోందో రంగుల మ్యాపుల్లోకి ఎక్కించింది. 1895లో అవి పుస్తకంగా వచ్చాయి. ఇరుకు గదుల్లో బట్టలు కుట్టే పిల్లల గురించి ఆమె కూడగట్టిన సాక్ష్యం 1893 నాటి ఇల్లినాయ్ చట్టానికి తోడ్పడింది. 14 ఏళ్లలోపు పిల్లలను ఫ్యాక్టరీల్లో పెట్టుకోవడం నిషేధమైంది. పొద్దస్తమానం సూది పట్టే మనిషికి సోమరితనం నేర్పడం ఎవరి తరమండీ!

అదే చట్టంలోని ఆడవాళ్ల ఎనిమిది గంటల పని నిబంధనను 1895లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది కదా అనవచ్చు. నిజమే, పిల్లల నిబంధన మాత్రం నిలిచింది. హల్ హౌస్ అసలు బలహీనత వేరే ఉంది: డబ్బు. ఎక్కువగా ప్రభుత్వ నిధులపై ఆధారపడిన ఆ సంస్థ 2012 జనవరిలో మూతపడింది. మీరు ఏ సంస్థకైనా చందా ఇచ్చేముందు, అది అన్నం పొట్లాలతో ఆగకుండా ఎంతమందికి యజమానులు ఎగ్గొట్టిన కూలి ఇప్పించిందో, ఎవరి సొమ్ముతో నడుస్తోందో అడిగి చూడండి.