పెరుగు, అంబలి తింటే లిథియం మానొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి బైపోలార్ జబ్బు ఉంది, లిథియం వాడుతున్నాడు. పేగుల్లో బ్యాక్టీరియా బాగుపడితే జబ్బు పోతుందని ఎక్కడో విని, మందులు ఆపి పెరుగు, అంబలితో సరిపెడతానంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: మందులు మాత్రం ఆపనివ్వకండమ్మా. లిథియం ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు, ఆత్మహత్య ముప్పు రెండూ పెరుగుతాయి.

మీ తమ్ముడు విన్నదాంట్లో కొంత నిజముంది. వేగస్ నాడి, రోగనిరోధక వ్యవస్థల ద్వారా పేగులకూ మెదడుకూ సంబంధం ఉంది. అమెరికాలోని బాల్టిమోర్ పరిశోధకులు మేనియా (బైపోలార్‌లో విపరీతమైన ఉద్రేక దశ) తగ్గి ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లిన 66 మందిని 24 వారాలు గమనించి, 2018లో ఫలితాలు ప్రచురించారు. ప్రోబయోటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా) వాడిన 33 మందిలో మళ్లీ ఆసుపత్రిలో చేరిన సందర్భాలు 8. మందులేని మాత్రలు వాడిన 33 మందిలో 24. ఆశ కలిగించే ఫలితమే. కానీ అధ్యయనం చిన్నది, ప్రోబయోటిక్ ఇచ్చింది మామూలు మందులకు తోడుగానే. వాడినవి ఎంపిక చేసిన రెండు రకాల బ్యాక్టీరియా. ఇంటి పెరుగు కాదు.

పెరుగు, జొన్న అంబలి నిశ్చింతగా తిననివ్వండి, మందులతో పాటు. ఉప్పు ఒక్కసారిగా తగ్గించొద్దు. ఉప్పు అలా తగ్గినా, ఎండాకాలం ఒంట్లో నీళ్లు తగ్గినా, విరేచనాలు పట్టుకున్నా రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరగొచ్చు. చేతులు బాగా వణికినా, తూలినా వెంటనే డాక్టరుకు చూపించండి. మాట్లాడేందుకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రాత్రీపగలూ ఉచితం.