గైడ్ రిటైరైతే పీహెచ్‌డీ ఏమవుతుంది?

సమస్య

పర్యావరణ శాస్త్రంలో పీహెచ్‌డీకి 2023లో ఓ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరాను మేడమ్. ప్రీ-పీహెచ్‌డీ పరీక్షలు పాసయ్యాను. కొల్లేరు నీటి నాణ్యత, చేపల చెరువులు, మత్స్యకారుల బతుకుతెరువు కలిపి టాపిక్ ఇచ్చాను. మా గైడ్ గారు కెమిస్ట్రీ నుంచి వచ్చినవారు. "నీళ్లు పట్టుకొచ్చి టెస్టులు చెయ్యమ్మా, మిగతాదంతా సోషియాలజీ వాళ్ల పని" అంటారు. నేను లంక ఊరి పిల్లనే. అక్కడి మనుషులతో మాట్లాడకుండా ఆ నీళ్ల గురించి ఏం రాయాలో నాకు తోచడం లేదు. ప్రతి సెమిస్టర్‌కూ కమిటీ ముందు ప్రజెంటేషన్ ఇవ్వాలంటారు గానీ, ఇంతవరకూ కమిటీ కూర్చున్నదే లేదు. ఫారం పట్టుకుని ఒక్కో సార్ గదికీ తిరిగి సంతకాలు పెట్టించుకొస్తాను. గైడ్ గారు వచ్చే జూన్‌లో రిటైరవుతున్నారు. నా సంగతేంటని అడిగితే "అప్పుడు చూద్దాంలే" అన్నారు. ఈలోగా ఇంట్లో సంబంధం ఖాయం చేశారు. అబ్బాయిది హైదరాబాద్‌లో ఉద్యోగం. పెళ్లయ్యాక అక్కడి యూనివర్సిటీకి మారొచ్చా? మానేస్తే ఇన్నాళ్ల పనీ వృథా. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

- ఒక పరిశోధకురాలు

సలహా

పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ఇచ్చేది విశ్వవిద్యాలయం. గైడ్ మారినా, రిటైరైనా, మరో చోటికి వెళ్లిపోయినా అది రద్దు కాదు. గైడ్ మాటే శాసనంగా నడిచే డిపార్ట్‌మెంట్లలో ఈ సంగతి స్కాలర్లకు తెలిసీ తెలియనట్టే ఉండిపోతుంది. 2022 నవంబరు 7న యూజీసీ నోటిఫై చేసిన పీహెచ్‌డీ నిబంధనలు 2023లో చేరిన స్కాలర్‌కు వర్తిస్తాయి. వాటిపైన ప్రతి విశ్వవిద్యాలయమూ తన షరతులు కొన్ని చేర్చుకుంటుంది. చేరిన ఏడాదికి అమల్లో ఉన్న నిబంధనల ప్రతిని రీసెర్చ్ సెక్షన్ నుంచి తెచ్చుకుని చదవడం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని. సీనియర్లు నోటిమాటగా చెప్పే రూల్స్ చాలావరకు 2016 నాటివి. థీసిస్‌కు ముందు జర్నల్ పేపరు తప్పనిసరి అనేది అలాంటిదే. 2022లో యూజీసీ ఆ షరతు తీసేసింది, అయితే విశ్వవిద్యాలయం సొంతంగా దాన్ని ఉంచుకుందేమో చూసుకోవాలి.

గడువు విషయంలో కంగారు అక్కర్లేదు. కోర్సు వర్కుతో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో 2 ఏళ్లు దొరుకుతాయి. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఆపైన ఇంకో 2 ఏళ్ల సడలింపు ఉంది, అంటే మొత్తం 10 ఏళ్ల దాకా. ప్రసూతికి, బిడ్డ సంరక్షణకు 240 రోజుల వరకు సెలవు కూడా ఉంది. ప్రీ-పీహెచ్‌డీ అని మన దగ్గర పిలిచే కోర్సు వర్కు 12 క్రెడిట్లకు తగ్గకూడదు, 55 శాతం మార్కులు రావాలి, పరిశోధన-ప్రచురణ నైతికతపై కోర్సు అందులో ఉండాలి. పరీక్షలు పాసైపోయినవారు కూడా మార్కుల జాబితాలో ఈ చివరి కోర్సు కనిపిస్తోందో లేదో ఒకసారి చూసుకోవాలి. థీసిస్ ఇచ్చే వేళకు ఆ లోటు బయటపడితే మళ్లీ క్లాసులో కూర్చోక తప్పదు.

అసలు చిక్కు టాపిక్‌లో ఉంది. కొల్లేరు అని రాసినంత మాత్రాన అధ్యయన ప్రాంతం తేలదు. 1999లో అభయారణ్యంగా ప్రకటించింది సముద్ర మట్టానికి +5 అడుగుల కాంటూరు లోపలి సుమారు 308 చదరపు కిలోమీటర్లను. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన చిత్తడి నేల విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు, దాదాపు మూడింతలు. నమూనాలు తీసే చోట్లు, చెరువుల లెక్క, సర్వే చేసే ఊళ్లు ఈ రెండు హద్దుల్లో దేన్ని అనుసరిస్తాయో సినాప్సిస్‌లోనే తేల్చాలి. లేదంటే ఆ ప్రశ్న వైవా రోజున ఎదురవుతుంది.

నీటి నాణ్యత, చేపల చెరువులు, బతుకుతెరువు అనేవి నిజానికి మూడు థీసిస్‌లు. ఆ లెక్కన గైడ్ అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. మిగతాది సోషియాలజీ వాళ్ల పని అనడం మాత్రం పర్యావరణ శాస్త్రంలో నిలిచే మాట కాదు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో కాంటూరు లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు నీటి నడకతో పాటు ఊళ్ల ఆదాయాలూ మారాయి. ఒకదాన్ని పక్కనపెట్టి రెండోదాన్ని కొలిస్తే అంకెలు వస్తాయి గానీ వాటికి కారణం దొరకదు.

అందుకని నీటి పరీక్షలను థీసిస్‌కు వెన్నెముకగా ఉంచాలి. గైడ్‌కు పట్టున్నది అక్కడే, ఆయన ఒప్పుకునేదీ అక్కడే. చెరువుల విస్తరణ కోసం ఊరూరా తిరగక్కర్లేదు. లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, ఉచితంగా దొరుకుతాయి. 2015 నుంచి సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో వస్తున్నాయి. అభయారణ్యం ప్రకటనకు ముందటివి, 2006కు ముందూ తర్వాతా తీసినవి, ఇప్పటివి పక్కపక్కన పెట్టి లెక్కగడితే ఒక అధ్యాయం తయారవుతుంది. బతుకుతెరువు భాగాన్ని గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక లాంటి రెండు మూడు ఊళ్లకు కుదించి ఒకే ప్రశ్న పట్టుకోవాలి: నీటిలో వచ్చిన మార్పు వేట మీద, తాగునీటి మీద ఎలా పడింది? లంక ఊరిలో పుట్టిన స్కాలర్‌కు ఇక్కడ సౌలభ్యమూ ఉంది, ప్రమాదమూ ఉంది. అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడతారు, కానీ ఫలానావాళ్ల అమ్మాయి అని తెలిసి, చెరువు ఎవరిదో, లీజు ఎంతో చెప్పకుండా దాటేస్తారు. సొంత ఊరిని సర్వేలోంచి తప్పించడమే మేలు.

ఆ సర్వే అధ్యాయానికి నిబంధనల్లోనే దారి ఉంది. రెండు మూడు శాస్త్రాలు కలిసే పరిశోధనకు డిపార్ట్‌మెంట్ బయటి నుంచి, విశ్వవిద్యాలయం బయటి నుంచి సైతం కో-గైడ్‌ను నియమించవచ్చు. అడిగే తీరులో కొంత నేర్పు కావాలి. "నాకు మీరు చెప్పింది నచ్చలేదు" అన్నట్టు వినిపిస్తే తలుపు మూసుకుంటుంది. "సార్, నీటి అధ్యాయాలన్నీ మీ దగ్గరే చేస్తాను. సర్వే ఒక్కదానికి సోషల్ సైన్సెస్ నుంచి ఒకరిని కో-గైడ్‌గా పెట్టుకుంటే మీకు ఆ భారం ఉండదు" అంటే ఆలోచిస్తారు. అదే మాట ఒక పేజీలో రాసి, అధ్యాయాల వరసతో సహా చేతికివ్వాలి.

ఈ సంప్రదింపులు సాగదీయడానికి వీల్లేదు, ఎందుకంటే రుతువులు ఆగవు. బుడమేరు, తమ్మిలేరు వరద తెచ్చే వానాకాలంలో కొల్లేరు ఒకలా ఉంటుంది, ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎగదన్నే ఎండాకాలంలో మరొకలా ఉంటుంది. వానలకు ముందు, వానల్లో, వానల తర్వాత అని మూడు విడతలుగా నమూనాలు తీయాలి. ఒక విడత తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. ఒక్కో విడతలోనూ పని గడియారంతో పోటీయే. కరిగిన ఆక్సిజన్ కోసం 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసాను గాలి బుడగ మిగలకుండా నింపి, పడవలోనే మాంగనస్ సల్ఫేటు, ఆల్కలీ అయోడైడ్ కలిపి మూత బిగించాలి. గోధుమరంగు అవక్షేపం దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉండిపోతే లేనట్టు. బీఓడీకి (సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలతకు) పట్టిన సీసాలు ఐస్‌పెట్టెలో ల్యాబుకు చేరాలి, అక్కడ 20 డిగ్రీల దగ్గర 5 రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండాలి. మధ్యలో క్యాంపస్‌లో గంటల తరబడి కరెంటు పోయిందంటే ఆ విడత లెక్క నమ్మడానికి లేదు. గైడ్ రిటైరై ల్యాబు తాళాలు మరొకరి చేతికి వెళ్లేలోగా వీలైనన్ని విడతలు పూర్తి చేసుకోవాలి.

పడవ ఎక్కే ముందు కాగితం ఒకటి చేతిలో ఉండాలి. అభయారణ్యంలో శాస్త్రీయ పరిశోధనకు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 28 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. దరఖాస్తు గైడ్ ద్వారా, విశ్వవిద్యాలయం ద్వారా పంపితే పని త్వరగా తెములుతుంది. గైడ్ పదవిలో ఉండగానే దాన్ని పంపించాలి. ఇంటింటి సర్వేకు విశ్వవిద్యాలయం ఎథిక్స్ కమిటీ ఆమోదం అవసరమేమో కూడా అప్పుడే కనుక్కోవాలి.

ఇక కమిటీ. నిబంధనల ప్రకారం రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ టాపిక్‌ను ఖరారు చేయాలి, అధ్యయన పద్ధతి తేల్చడంలో తోడ్పడాలి, ప్రగతిని సమీక్షించాలి. స్కాలర్ ప్రతి సెమిస్టర్‌లో దాని ముందు హాజరై పని వివరించి, చిన్న నివేదిక ఇవ్వాలి. ప్రగతి బాగాలేదని కమిటీ భావిస్తే కారణాలు రాసి దిద్దుబాటు సూచించాలి. అవి పాటించకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫారసు చేసే అధికారం కూడా దానికి ఉంది. గదిగదికీ తిరిగి సంతకాలు తెచ్చుకోవడం స్కాలర్‌కూ, కమిటీ సభ్యులకూ సుఖంగానే ఉంటుంది, తగాదా వచ్చేదాకా. వచ్చాక స్కాలర్ పక్షాన ఒక్క వాక్యమూ రాతలో ఉండదు. కో-గైడ్ సంగతి, అధ్యయన ప్రాంతం హద్దు, గైడ్ రిటైర్‌మెంట్ తర్వాతి ఏర్పాటు ఈ మూడూ మినిట్స్‌లోకి ఎక్కాలి. కమిటీకి కన్వీనర్ గైడే కాబట్టి సమావేశం పెట్టమని ఆయన్నే మర్యాదగా మెయిల్‌లో అడగాలి, తేదీలు రెండు మూడు స్కాలరే సూచిస్తూ, హెచ్‌ఓడీకి కాపీ పెట్టి. సమావేశం అయ్యాక "ఈ రోజు నిర్ణయించినవి ఇవి" అని నాలుగు లైన్లు సభ్యులందరికీ పంపితే, మినిట్స్ ఆలస్యమైనా ఆధారం మిగులుతుంది.

రిటైర్‌మెంట్ విషయంలో నిబంధన స్పష్టంగానే ఉంది. సర్వీసు 3 ఏళ్ల లోపు మిగిలినవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. అప్పటికే ఉన్నవారికి పదవీ విరమణ దాకా గైడ్‌గా, ఆ తర్వాత 70 ఏళ్లు నిండేవరకు కో-గైడ్‌గా కొనసాగవచ్చు. 2023లో గైడ్‌ను కేటాయించిన తేదీకి, రిటైరయ్యే తేదీకి మధ్య 3 ఏళ్లు ఉన్నాయో లేదో లెక్క చూసుకోవాలి. లేకపోతే ఆ కేటాయింపు డిపార్ట్‌మెంట్ చేసిన తప్పు, దాన్ని సరిదిద్దే బాధ్యతా దానిదే. ఈ లెక్క గైడ్ మీద ఫిర్యాదుకు పనికొచ్చేది కాదు, హెచ్‌ఓడీతో మాట్లాడేటప్పుడు స్కాలర్ బెరుకు తగ్గించేది. కొత్త గైడ్‌కు ఖాళీ ఉండాలి: ప్రొఫెసర్ ఒకే సమయంలో 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మాత్రమే మార్గదర్శకత్వం చేయగలరు. డిపార్ట్‌మెంట్‌లో రెగ్యులర్ అధ్యాపకులే తక్కువగా ఉన్నచోట ఈ ఖాళీలు త్వరగా నిండిపోతాయి. "అప్పుడు చూద్దాంలే" అన్న మాట మీద జూన్ దాకా కూర్చుంటే మిగిలినవారిలో ఎంచుకోవడానికి ఎవరూ ఉండకపోవచ్చు. ఇప్పుడే ఒకరితో మాట్లాడి అంగీకారం తీసుకుని, పాత గైడ్ కో-గైడ్‌గా ఉంటారన్న లేఖతో కలిపి దరఖాస్తు పెట్టాలి. పాత గైడ్‌ను వదులుకోవాల్సిన అవసరమేమీ లేదు. నీటి రసాయనశాస్త్రంలో ఆయన సంతకం థీసిస్‌కు బలమే.

ఇవేవీ కదలకపోతే యూజీసీ 2023లో తెచ్చిన విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార నిబంధనలున్నాయి. విశ్వవిద్యాలయంలోని ఫిర్యాదుల కమిటీ 15 పని దినాల్లో నివేదిక ఇవ్వాలి. తృప్తి లేకపోతే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఈ మెట్టు ఎక్కడానికి తొందర అక్కర్లేదు. చిన్న డిపార్ట్‌మెంట్‌లో ఫిర్యాదు పెట్టాక మొహాలు మారతాయి, అది దాచాల్సిన విషయం కాదు. అయినా సమావేశం కోసం రాసిన మెయిళ్లకు రెండు సెమిస్టర్లు జవాబు రాకపోతే ఆ మెట్టు ఎక్కాల్సిందే.

హైదరాబాద్ మారడం గురించి. పెళ్లి వల్ల గానీ మరో కారణంతో గానీ మహిళా స్కాలర్ వేరే చోటికి వెళ్లాల్సి వస్తే, పరిశోధన డేటాను అక్కడి విద్యాసంస్థకు బదిలీ చేయడానికి అనుమతించాలని నిబంధన చెబుతోంది. అయితే ఆ పని మాతృసంస్థకో గైడ్‌కో ఏదైనా సంస్థ నిధులిచ్చిన ప్రాజెక్టులో భాగమై ఉండకూడదు. కెమికల్స్ ఏ బిల్లు మీద కొన్నారో ఇక్కడ లెక్కలోకి వస్తుంది, గైడ్ ప్రాజెక్టు నిధులతో పరీక్షలు నడుస్తుంటే ఈ వెసులుబాటు వర్తించకపోవచ్చు. అప్పటిదాకా చేసిన పనికి పాత సంస్థకు, పాత గైడ్‌కు తగిన గుర్తింపు ఇవ్వాలన్న షరతూ ఉంది. పైగా నిబంధన హామీ ఇచ్చేది డేటాకే గానీ సీటుకు కాదు. కొత్త విశ్వవిద్యాలయంలో ప్రవేశం, ఖాళీ ఉన్న గైడ్, అక్కడి కోర్సు వర్కు షరతులు అన్నీ విడిగా కుదరాలి. కొల్లేరు మీద పని సగంలో ఉన్న స్కాలర్‌కు ఇది లాభసాటి బేరం కాదు. ఫీల్డు విడతలు, ల్యాబు పని ముగిసేదాకా క్యాంపస్ దగ్గర ఉండి, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ, రాత పని హైదరాబాద్ నుంచి చేసేలా హాజరు సడలింపు కోరడం తేలిక. ప్రతి సెమిస్టర్‌లో కమిటీ ముందుకు రావడానికి, ప్రీ-సబ్మిషన్ ప్రజెంటేషన్‌కు రైలెక్కితే సరిపోతుంది. పెళ్లి మాటల్లోనే ఫీల్డు విడతల తేదీలు అబ్బాయి ఇంటివాళ్ల ముందు పెట్టాలి. శ్రావణం ముహూర్తం వానాకాలపు నమూనాల మీద పడితే ముహూర్తమే జరపమని అడగాలి.