పండుగ శోభకు పల్లె సామగ్రి

సంక్రాంతి సమీపించగానే పల్లెలయందు గోడలకు సున్నము వేయుదురు, వాకిళ్లు అలికి ముగ్గులు తీర్చుదురు, గుమ్మములకు తోరణములు కట్టుదురు. ఇందుకు వలయు సామగ్రి ఒకప్పుడు పెరటినుండియో పొలమునుండియో వచ్చెడిది. నేడు అనేక గృహములలో ప్లాస్టిక్ పూలదండలును, తళుకు గొలుసులును, థర్మోకోల్ అక్షరములును ఆ స్థానము నాక్రమించినవి. పండుగ మూడు దినములలో ముగియును. ఆ వస్తువులు మాత్రము మురుగుకాలువలకు అడ్డుపడి, పశువుల మేతలో కలిసి, వానలు కురిసినప్పుడు చెరువులకును చంపావతి నదికిని చేరును.

కావున ఇది కేవలము ఇంటి అలంకరణకు సంబంధించిన విషయము కాదు. 2016 సంవత్సరపు ప్లాస్టిక్ వ్యర్థముల నిర్వహణ నియమములు గ్రామ పంచాయతీలకును ఈ విషయమున బాధ్యత నొప్పగించినవి. ప్లాస్టిక్ జెండాలు, అలంకరణకు వాడు థర్మోకోల్ మొదలగువాని తయారీ, అమ్మకము, వాడకము 2022 జూలై 1వ తేదీనుండి దేశమంతట నిషేధింపబడినవి. అయినను నిషేధము ఒక్కటియే చాలదు. వద్దనిన వస్తువునకు బదులు మరియొక దానిని చూపినగాని ప్రజల అలవాటు మారదు.

ఖర్చు సంగతి

నాలుగు వందల ఇండ్లు గల గ్రామము ననుకొందము. ఇంటికి నూరు రూపాయల చొప్పున బజారు అలంకరణలు కొన్నచో నలుబది వేల రూపాయలు ఊరు దాటి పోవును. ఆ మొత్తములో సగమైనను గ్రామముననే నిలిచినచో, నార తీసిన రైతునకును, తోరణము కట్టిన స్త్రీకిని అది ఆదాయమగును. సభ్యులు తమ గ్రామమునకు సంబంధించిన ఇటువంటి లెక్క తామే వేసి గ్రామసభలో చెప్పిన యెడల ప్రజలకు విషయము సులభముగా బోధపడగలదు.

మన చేతనున్న నార

నెల్లిమర్ల పేరు వినగానే జూట్ మిల్లు జ్ఞప్తికి వచ్చును. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో గోగు పంటకు ఇట్టి మిల్లులే ఆధారములు. ప్లాస్టిక్ సంచులు వ్యాపించిన కొలది గోనె సంచులకు గిరాకి తగ్గినది. మిల్లు పలుమారులు మూతపడి తెరచుకొన్నది. రైతులలో అనేకులు ఇతర పంటలకు మరలిరి. అయినను గోగు పంట నేటికిని ఈ ప్రాంతమున పూర్తిగా పోలేదు. తొలకరికి విత్తి, వర్షాకాలము చివర కోసిన గోగును నీటిలో ఊరవేసి నార తీయుదురు. అందుచేత సంక్రాంతి నాటికి కొత్త నార చేతనుండును. నార తీయగా మిగిలిన తెల్లని పుల్లలు తేలికైనవి. అవియు అలంకరణ చట్రములకు పనికివచ్చును.

తయారుచేయు పద్ధతులు

1. మామిడాకుల తోరణము: మూడడుగుల గుమ్మమునకు అయిదడుగుల నారతాడు చాలును. నారను తడిపి రెండు పాయలుగా పురిపెట్టిన తాడు గట్టిగా నుండును. ఇరువదియొక్క మామిడాకులను కడిగి, తొడిమవైపు తాడు మీదుగా మడచి, చీపురుపుల్ల ముక్కతో గుచ్చవలెను. నడుమ నడుమ బంతిపూలు కట్టిన శోభ హెచ్చును. ప్లాస్టిక్ దారము కట్టరాదు. అప్పుడు వాడిన తోరణము నంతను ఎరువుగుంటలో వేయవచ్చును.

2. నార కుచ్చులు: జానెడు పొడవున నారను కత్తిరించి, బొటనవ్రేలి లావున కట్టగా తీసికొని నడుమ ముడివేయవలెను. దానిని ముడివద్ద రెండుగా మడచి, పైనుండి అంగుళము క్రింద మరల బిగించి, కొసలు దువ్వినచో కుచ్చు సిద్ధమగును. రంగు కావలెనన్న, రెండు లీటర్ల నీటిలో మూడు చెంచాల పసుపు వేసి కాచి, అరగంటసేపు నారను నానబెట్టి నీడన ఆరబెట్టవలెను. పసుపుపట్టిన నారను సున్నపు తేటలో ముంచిన ఎరుపు దేరును. సున్నముతో చేయు పనిని పెద్దలే చేయవలెను. పసుపు రంగు ఎండకు వెలియును గనుక పండుగకు రెండు దినముల ముందే అద్దుట మేలు.

3. వరి కుచ్చులు: కోతనాడు గుప్పెడు కంకులను మూరెడు కాడలతో విడిగా తీసియుంచవలెను. కాడలను మూడు పాయలుగా జడవలె అల్లి, కంకులు క్రిందికి వ్రేలాడునట్లు చూరునకు కట్టవలెను. ఇది ఇంటికి శోభ, పిచ్చుకలకు ఆహారము.

4. తాటాకు చిలుకలు: లేత తాటాకును సన్నని పాయలుగా చీల్చి, తడిపిన గుడ్డలో కొంతసేపు చుట్టియుంచినచో విరుగక మడతపడును. చిలుకలు, చేపలు అల్లుట తెలిసిన వృద్ధులు కొన్ని గ్రామములలో నేటికిని గలరు. వారిచేత బడిపిల్లలకు నేర్పించుట ఉత్తమమైన మార్గము. ఆ విద్య వారితోనే అంతరింపరాదు.

5. ముగ్గు: బియ్యపుపిండి ముగ్గు చీమలకును పక్షులకును ఆహారమగును. రంగులు కావలసినచో పసుపు, బొగ్గుపొడి, ఎర్రమన్ను చాలును.

ప్లాస్టిక్ దండ అనేక సంవత్సరములు నిలుచును గదా యని కొందరు వాదింతురు. నార కుచ్చులును నిలుచును. వానిని ఎండిన వేపాకులతో గుడ్డసంచిలో కట్టి దాచిన మరుసటేటికి పనికివచ్చును. రంగు మాత్రమే మరల అద్దవలసియుండును.

జాగ్రత్తలు

నారయు, ఎండుటాకులును త్వరగా అంటుకొనును. దీపములకును విద్యుద్దీపములకును వీనిని దూరముగా నుంచవలెను. భోగిమంటలో పిడకలు, కట్టెలు వేయవచ్చును. టైర్లు, ప్లాస్టిక్ వేయరాదు. వాని పొగ పిల్లలకును ఉబ్బసరోగులకును మిక్కిలి హానికరము.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

మొదట పంచాయతీ కార్యాలయమునే ఈ విధముగా అలంకరింపవలెను. తాము చేయనిది ఇతరులకు చెప్పిన ఫలమీయదు. పంచాయతీ జరుపు ఉత్సవములలో ప్లాస్టిక్ అలంకరణలు వాడరాదని తీర్మానము చేయవలెను. ధనుర్మాసమున ఒక ఆదివారమునాడు బడి ఆవరణలో స్త్రీలకును పిల్లలకును ఈ పనులు నేర్పు ఏర్పాటు చేయవచ్చును. ఉత్తమమైన తోరణమునకు చిన్న బహుమతి చాలును. పొదుపు సంఘముల స్త్రీలు కుచ్చులను ఎక్కువగా తయారుచేసినచో, రామతీర్థపు శ్రీరామనవమికిని, విజయనగరపు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమునకును వచ్చు యాత్రికులకు అమ్ముకొనవచ్చును.

సంక్రాంతి వెనువెంటనే జనవరి 26 గణతంత్ర దినోత్సవము వచ్చును. ఆనాడు బడిపిల్లలకు కాగితపు జెండాలే ఇప్పింపవలెను. ఉత్సవానంతరము వానిని నేలపై పారవేయనీయక సేకరించి, మర్యాదతో విడిగా పరిహరింపవలెను.

పండుగ అనంతరము ఒక వారమునకు సభ్యులు వీధులు తిరిగి మురుగుకాలువలను చూడవలెను. నీరు అడ్డులేక పారుచున్నచో వారి కృషి ఫలించినదనియే గ్రహింపవచ్చును.