ముద్ద చర్మవ్యాధి: తగ్గించింది మందేనా?

ఆవు ఒంటి మీద గడ్డలు లేచాయంటే ఊళ్లో ప్రతి ఇంటా ఒక మందు పుట్టుకొస్తుంది. ఒకరు వేపాకు, పసుపు నూరి పూయమంటారు. ఒకరు ఫలానా సూది మూడు రోజులు వేయిస్తే తమ ఆవు లేచి నిలబడిందంటారు. ఇంకొకరు తమలపాకు, మిరియాలు, బెల్లం కలిపిన ముద్ద మింగించమంటారు. వీరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. మందు వేశారు, ఆవు కోలుకుంది, రెండూ నిజమే. అయితే మందు వేసినందువల్లనే ఆవు కోలుకుందా అనేది వేరే ప్రశ్న. సంఘ సభ్యులు ఈ రెండవ ప్రశ్న అడగడం అలవాటు చేసుకుంటే చేతిలో డబ్బు మిగులుతుంది, కొన్ని పశువులూ దక్కుతాయి. దానికి జవాబు ఎలా రాబడతారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

వ్యాధి సంగతి

ముద్ద చర్మవ్యాధిని లంపీ స్కిన్ అని కూడా అంటారు. ఇది వైరస్ వల్ల వచ్చే జబ్బు. గొర్రెలకు, మేకలకు వచ్చే మశూచి వైరస్‌లకు ఇది దగ్గరి చుట్టం. గొర్రెల మశూచి అంటే పాలమూరు గొల్లకురుమలకు వేరే చెప్పనక్కరలేదు.

రోగం సోకిన పశువుకు మొదట 104 నుండి 106 డిగ్రీల జ్వరం వస్తుంది. కంటి వెంట, ముక్కు వెంట నీరు కారుతుంది. తర్వాత మెడ, వీపు, పొదుగు, కాళ్ల మీద రూపాయి బిళ్లంతటి గట్టి గడ్డలు లేస్తాయి. అవి పైపైన లేచే దద్దుర్లు కావు, చర్మం మందమంతా పట్టి వుంటాయి. గంగడోలు, కాళ్లు నీరు పడతాయి. పాలు పడిపోతాయి. చూడి ఆవులు ఈసుకుపోవచ్చు. చనుకట్ల మీద గడ్డలు లేస్తే పొదుగువాపు కూడా తోడవుతుంది. ఇది మనుషులకు అంటదు. బర్రెలకు చాలా తక్కువగా వస్తుంది, ఆవులకే ఎక్కువ. సాధారణంగా రోగం వచ్చిన పశువుల్లో నూటికి ఒకటి నుండి ఐదు వరకు చనిపోతాయి; కొన్ని చోట్ల అంతకు మించి కూడా పోయాయి.

మన దేశంలో ఈ రోగాన్ని మొదట 2019 ఆగస్టులో ఒడిశాలో గుర్తించారు. 2020లో తెలంగాణ పల్లెలకూ వచ్చింది. 2022లో గుజరాత్, రాజస్థాన్ మొదలుకొని దేశమంతటా చెలరేగి లక్షన్నర పశువులను తీసుకుపోయింది. ఆ ఏడాది గోశాలల బయట కుప్పలు పడిన కళేబరాల బొమ్మలు పత్రికలలో చూసినవారికి ఇది వట్టి చర్మం జబ్బు కాదని తెలుసు.

నిపుణులూ పొరబడ్డారు

ఈ రోగం 1929లో ఆఫ్రికాలోని నేటి జాంబియాలో మొదటిసారి కనిపించింది. అప్పటి పశువైద్యులు దీన్ని అంటురోగం అనుకోలేదు. విషపు మొక్క మేసి వచ్చిందని కొందరు, పురుగు కుట్టడం వల్ల లేచిన దద్దుర్లని కొందరు తలచారు. వానాకాలంలో, ఈగలూ దోమలూ ముసిరే రోజుల్లో కనిపిస్తుంది కాబట్టి ఆ ఊహలో కొంత తీరు లేకపోలేదు. 1943 తర్వాత రోగం దక్షిణాదికి పాకి, గడ్డలోని పదార్థం ఎక్కించిన మంచి పశువుకు కూడా గడ్డలు లేచాకగాని ఇది అంటురోగమని తేలలేదు. 1949 నాటికి దక్షిణాఫ్రికాలో సుమారు 80 లక్షల పశువులు దీని బారిన పడ్డాయి. కంటికి కనిపించే రెండు సంగతులు ఒకేసారి జరిగితే ఒకటి రెండవదానికి కారణమని అనుకోవడం చదువుకున్నవారికి కూడా తప్పలేదు.

నూరు ఆవుల లెక్క

ఒక మండలంలో నూరు ఆవులకు గడ్డలు లేచాయనుకుందాం. మేత, నీళ్లు, నీడ తప్ప ఎవరూ ఏ మందూ వేయలేదు. మూడు చనిపోయి 97 కోలుకున్నాయి. ఇప్పుడు అదే నూరు ఆవులకు ఎవరో వచ్చి రోజూ లోటాడు బియ్యం కడుగు నీళ్లు పోశారనుకోండి. అప్పుడూ 97 కోలుకుంటాయి. ఆయన మరుసటి ఏడు సంతలో నిలబడి, నా మందుకు నూటికి 97 గుణం అని చెప్పవచ్చు. లెక్క తప్పు కాదు, లెక్క నుండి తీసిన అర్థం తప్పు.

దీనికి మరి రెండు సంగతులు తోడవుతాయి. జ్వరం మొదలైన రోజున మనం మందు కోసం పరుగెత్తం. పశువు మేత మాని తల వేలాడేసిన రోజున పరుగెత్తుతాం. జ్వరం ముదిరిన తర్వాత చాలా పశువులకు తగ్గుముఖమే పడుతుంది. ఆ రోజున ఏది మింగించినా మర్నాటికి గుణం కనిపిస్తుంది. రెండవది, ఆవు దక్కినవాడు పది మందికి మందు పేరు చెబుతాడు. ఆవు పోయినవాడు ఏం వాడాడో ఎవరూ అడగరు, అతడూ చెప్పడు.

మరి నిజం తేల్చడం ఎలా? రెండు గుంపులు కావాలి. ఒక గుంపుకు కొత్త మందు, రెండవ గుంపుకు మామూలుగా చేసే చికిత్స. ఏ ఆవు ఏ గుంపులోకి పోవాలో యజమాని ఇష్టాన్నిబట్టి కాక చీట్లు వేసి తేల్చాలి. ఈ చీట్ల పని చిన్నపిల్లల ఆటలా కనిపించినా అసలు కిటుకు అక్కడే వుంది. ఖరీదైన మందు కొనగలిగిన రైతు ఆవుకు దాణా కూడా బాగా పెడతాడు, డాక్టరును ముందుగా పిలుస్తాడు, కొట్టం పొడిగా వుంచుతాడు. ఇష్టానికి వదిలితే మంచి పోషణ వున్న ఆవులన్నీ మందు గుంపులోకే చేరి, పోషణ వల్ల వచ్చిన పేరు మందుకు పోతుంది. వీలైతే గడ్డలు లెక్కపెట్టే మనిషికి ఏ ఆవు ఏ గుంపుదో తెలియకూడదు. ఆవుల సంఖ్య కూడా పెద్దదిగా వుండాలి. పది ఆవుల్లో ఇక్కడ ఒకటి, అక్కడ రెండు పోతే అది కాకతాళీయం కావచ్చు.

పాడి మందల్లో జరిగిన ఒక పరీక్ష

ఇటువంటి పరీక్ష ఈ రోగం మీదనే, పాలిచ్చే ఆవుల మందల్లోనే జరిగింది. 2012, 2013 సంవత్సరాలలో ఇజ్రాయెల్‌లో రోగం చెలరేగినప్పుడు 15 పాడి మందల్లోని 4,694 ఆవులను తీసుకున్నారు. కొన్నింటికి గొర్రెల మశూచి టీకాను పది రెట్ల మోతాదులో వేశారు. మిగిలినవాటికి ముద్ద చర్మవ్యాధి వైరస్‌నే బలహీనపరచి చేసిన టీకా వేశారు. ఏ ఆవుకు ఏ టీకా అనేది చీట్ల పద్ధతిలోనే నిర్ణయించారు. గొర్రెల టీకా వేసిన ఆవుల్లో రోగం రెండవ గుంపులో కంటే సుమారు రెండున్నర రెట్లు ఎక్కువగా వచ్చింది. తీవ్రంగా జబ్బుపడడం అయితే 11 రెట్లు ఎక్కువ. మంచిదని తేలిన టీకా వల్ల కూడా వెయ్యి ఆవుల్లో నాలుగింటి కంటే తక్కువకు చిన్న గడ్డలు లేచాయి. ఆ సంగతి కూడా దాచకుండా రాశారు. మందు మంచిని, చెడును ఒకే కాగితం మీద చూపినప్పుడే ఆ పరీక్షను నమ్మాలి.

మన దేశంలో 2019 తర్వాత ఆవులకు వేసింది మేకల మశూచి టీకా, ఉత్తరకాశీ రకం. మేక టీకా ఆవుకెందుకని చాలామంది సభ్యులు అడిగారు. చుట్టరికం వల్ల ఒక వైరస్‌కు పుట్టిన రక్షణ రెండవదానికీ కొంతవరకు పనికివస్తుంది. ఇథియోపియాలో చేసిన ఒక పరీక్షలో వేరే రకం మేకల టీకా వేసిన దూడలకు తర్వాత రోగపు వైరస్ ఎక్కించినా అవి తట్టుకున్నాయి. ఈలోగా హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం వారు 2019లో రాంచీ పశువుల నుండి తీసిన వైరస్‌ను ప్రయోగశాలలో 50 తరాలు పెంచి బలహీనపరచి, ఇజ్జత్‌నగర్ పశువైద్య పరిశోధన సంస్థతో కలిసి అసలు రోగానికే టీకా తయారుచేశారు. దానిని 2022 ఆగస్టు 10న ప్రకటించారు.

టీకా వేసిన వారానికే గడ్డలు లేచాయి, టీకాయే రోగం తెచ్చిందని కొన్ని ఊళ్లలో గొడవలు పడ్డారు. రక్షణ పూర్తిగా పుట్టడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. వైరస్ ఒంట్లో చేరిన తర్వాత గడ్డలు లేవడానికి నాలుగు వారాల వరకూ పట్టవచ్చు. వారానికే ఒళ్లంతా గడ్డలు లేచిన ఆవు చాలావరకు టీకానాటికే రోగం పట్టినదై వుంటుంది. అందుకే రోగం ఊరి పొలిమేరకు రాకముందే టీకా వేయించమనేది. పెబ్బేరు, దేవరకద్ర సంతల నుండి, కురుమూర్తి జాతర నుండి కొత్త పశువును తోలుకొచ్చినవారు దానిని నాలుగు వారాలు వేరే కట్టెయ్యడం ఇందుకోసమే.

వాడే మందులు, వాటి గుణదోషాలు

ఈ వైరస్‌ను నేరుగా చంపే మందు పశువైద్యుల చేతిలో లేదు. మరి డాక్టరు గారు వేసే సూదులు దేనికి? గడ్డ పగిలి పుండు పడితే అందులో సూక్ష్మజీవులు చేరతాయి. ఊపిరితిత్తులకు నిమ్ము పట్టవచ్చు. యాంటీబయోటిక్ ఆ పుండుకు, ఆ నిమ్ముకు పనిచేస్తుంది, వైరస్‌కు కాదు. పుండూ నిమ్మూ లేని ఆవుకు వరుసగా సూదులు పొడిపించడం వల్ల ఖర్చే గాని గుణం లేదు.

జ్వరానికి, నొప్పికి వేసే మందులో కూడా తేడాలున్నాయి. ఒకప్పుడు పశువులకు డైక్లోఫెనాక్ విరివిగా వేసేవారు. ఆ మందు వేసిన పశువు చనిపోతే, కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చాయి. అందుకే 2006లో పశువులకు దానిని నిషేధించారు; 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా నిషేధించారు. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదు. ఊరి బయట గుంపులుగా వాలే రాబందులను చూసిన పెద్దలు మీ సంఘంలో ఇంకా వుంటారు. అవి ఏమైపోయాయో పిల్లలకు చెప్పమని వారిని అడగండి.

స్టెరాయిడ్ సూది వేస్తే వాపు, జ్వరం చప్పున తగ్గినట్టుంటుంది, ఆవు మేతకు వంగుతుంది. కాని అది ఒంట్లోని రోగనిరోధక శక్తిని అణచుతుంది. నెలలు నిండుతున్న చూడి ఆవును ముందే ఈనేట్టు చేస్తుంది. డాక్టరు స్వయంగా చూసి వేస్తే తప్ప దీని జోలికి పోవద్దు. ఐవర్‌మెక్టిన్ గోమార్లకు, గజ్జికి మందు. ఈ వైరస్‌కు అది మందని నమ్మి పాడి ఆవులకు పొడిపించవద్దు; పాలలోకి దిగుతుంది.

ఆకుమందుల మాట. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ వారు తమలపాకు, మిరియాలు, ఉప్పు, బెల్లం ముద్దను లోపలికి, వేప, కుప్పింట, తులసి, గోరింట ఆకులు, వెల్లుల్లి, పసుపు నూనెలో కాచి పైపూతకు సూచించారు. పూత వల్ల పుండు మీద ఈగ వాలదు, పురుగు పడదు, ఖర్చు తక్కువ. ఇంతవరకు అభ్యంతరం లేదు. ఆకుముద్ద మింగిన ఆవు కోలుకుంటే దానికీ నూరు ఆవుల లెక్కే వర్తిస్తుంది. ఆకుమందు మనదని ఒక తూకం, సీసా మందు కంపెనీదని ఇంకొక తూకం పెట్టకూడదు.

ఒక్కటి మాత్రం ఏ పరీక్షా లేకుండానే పాటించండి: ఒక ఆవుకు పొడిచిన సూదితో ఇంకొక ఆవును పొడవనివ్వవద్దు. ఈగ, దోమ, గోమారి చేసే పనినే ఆ సూది ఇంకా చక్కగా చేస్తుంది.

సంఘం క్యానులో పాలు

చికిత్సలో వున్న ఆవు పాలను తోడు పెట్టి చూసినవారికి ఒక సంగతి అనుభవమే. పాలు పేరుకోవు, నీళ్లనీళ్లగా వుంటాయి. యాంటీబయోటిక్ తోడులోని సూక్ష్మజీవులను కూడా చంపుతుంది కాబట్టి పెరుగు కాదు. అటువంటి పాలు ఒక్క ఇంటివి క్యానులో కలిసినా శీతల కేంద్రంలో ఊరందరి పాలూ చెడ్డపేరు మోస్తాయి. ఆహార భద్రతా సంస్థ వారు 2018లో దేశమంతటా తీసిన 6,432 పాల నమూనాల్లో 77 నమూనాలలో యాంటీబయోటిక్ మోతాదుకు మించి దొరికింది. కాచినంత మాత్రాన ఈ మందు పూర్తిగా పోదు. ఎన్ని రోజులు పాలు పోయకూడదో సీసా మీద అచ్చువేసి వుంటుంది. సూది వేసినవారిని అడిగి ఆ తేదీ కార్యదర్శికి చెప్పాలి. నాలుగు రోజుల పాల డబ్బు పోతుందని దాచేవారున్నారు. ఆ నష్టాన్ని సంఘం కొంతైనా భరించే ఏర్పాటు వుంటే దాచడం తగ్గుతుందని ఈ రచయిత అభిప్రాయం. పాలకవర్గం సమావేశంలో చర్చించదగిన విషయం.

సంఘంలో ఒక పుస్తకం

పరిశోధన అంటే హిస్సార్‌లోనో ఇజ్జత్‌నగర్‌లోనో జరిగేదే కాదు. ప్రతి ఉదయం, ప్రతి సాయంత్రం ఎవరు ఎన్ని లీటర్లు పోశారో, వెన్న ఎంతో రాసి పెట్టే సంస్థ ఊళ్లో పాల సంఘం ఒక్కటే. ఒకటి రెండు ఆవులున్న సభ్యుల పద్దు చూస్తే జబ్బు ఏనాడు మొదలైందో, పాలు ఎన్నాళ్లకు తిరిగి వచ్చాయో తేదీలతో సహా దొరుకుతుంది. దానికి ఇంకొక పుస్తకం జతచేయండి. ఆవు జెర్సీ సంకరమా, హెచ్.ఎఫ్.దా, అమ్రాబాద్ వైపు పొడ తూర్పా, ఎన్ని ఈతలు, టీకా తేదీ, ఏ టీకా, గడ్డ మొదట కనిపించిన రోజు, ఏ మందు, ఎవరు వేశారు, పాలు ఎన్ని రోజులు ఆపారు, చివరికి ఏమైంది. చనిపోయిన ఆవు సంగతి తప్పకుండా రాయండి, దాని మందు పేరుతో సహా. మందు ఏదీ వేయని ఆవులనూ వదలకండి. పోల్చి చూడడానికి అవే ఆధారం.

ఈ పుస్తకం చీట్లు వేసి చేసిన పరీక్షతో సమానం కాదు. అయినా టీకా పడిన వాడలో ఎన్నింటికి గడ్డలు లేచాయి, పడని వాడలో ఎన్నింటికి లేచాయి అనేది ఒక్క ఏడాదిలోనే తెలుస్తుంది. నాలుగు నెలలు దాటిన దూడల పేర్లు కూడా అందులోకి ఎక్కించి, తొలకరికి నెల ముందుగా పశువైద్యశాలకు తీసుకుపోయి డాక్టరు గారికి చూపండి. టీకాలు ఏ వాడ నుండి మొదలుపెట్టాలో ఆయన ఆ పుస్తకం చూసే నిర్ణయించగలుగుతారు.